గ్రాండ్ కాన్యన్ అడుగుకు నడక: ఎక్కే దారి నుంచి వెనక్కి వేసే లెక్క

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది కోసుకుపోయిన గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్లు, లోతు ఒకటిన్నర కిలోమీటరుకు పైమాటే. దాని దక్షిణపు అంచు నుంచి నది దాకా కాలినడకన దిగి తిరిగి పైకి రావడం ఎడారి నడకల్లో చాలా పేరున్నది, ఏటా ఎందరినో దెబ్బతీసేది కూడా. మామూలు కొండ ఎక్కేటప్పుడు కష్టమంతా ముందే ఉంటుంది. ఒంట్లో సత్తువ ఉండగా, పొద్దుటి చల్లదనంలో ఎక్కుతారు. చేతకాకపోతే అక్కడే వెనక్కి తిరుగుతారు, ఇంటిదారి ఎలాగూ దిగుడే. ఈ గండిలో వరస తలకిందులు. దిగడం సులువు, పొద్దున్నే అయిపోతుంది, ఎక్కడా ఆగాలని అనిపించదు. ఎక్కడం మొదలయ్యేది కాళ్ళు అలిసిపోయాక, ఎండ ముదిరాక, తెచ్చుకున్న నీళ్ళు తగ్గిపోయాక. అందుకే ఇక్కడ ప్రయాణం లెక్కను చివరి నుంచి వేసుకోవాలి. ఆఖరి ఎక్కుడు ఏ వేళకు, ఎన్ని నీళ్ళతో, ఎంత ఎండలో సాగుతుందో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి ఒక్కో మజిలీ వెనక్కి వస్తూ బయలుదేరే వేళను నిర్ణయించుకోవాలి.

దక్షిణపు అంచు నుంచి నదికి దిగే ప్రధానమైన దారులు రెండు. సౌత్ కైబాబ్ దారి 2,213 మీటర్ల ఎత్తున మొదలై కొండవెన్నుల మీదుగా సాగుతుంది. నది అవతలి ఒడ్డున ఉన్న బ్రైట్ ఏంజెల్ క్యాంపు దాకా దాని పొడవు సుమారు 11 కిలోమీటర్లు, దిగే లోతు దాదాపు 1,450 మీటర్లు. వెన్ను మీద నడక కాబట్టి చూపు ఎటు తిప్పినా గండి విప్పారి కనిపిస్తుంది, గాలి ఆడుతుంది. కానీ దారి పొడవునా చుక్క నీరు దొరకదు, నీడా అంతంతమాత్రమే. రెండోది బ్రైట్ ఏంజెల్ దారి. ఇది 2,091 మీటర్ల దగ్గర మొదలై ఒక పక్క లోయలోంచి 15.3 కిలోమీటర్లు నడిచి అదే క్యాంపుకు చేరుతుంది. వాలు తక్కువ, మధ్యలో హవసుపాయ్ గార్డెన్స్ అనే చోట ఊట నీటి వాగు, చెట్ల నీడ ఉన్నాయి. 2022 వరకు ఆ చోటును ఇండియన్ గార్డెన్ అనేవారు. పార్కు ఏర్పడ్డాక అక్కడి నుంచి హవసుపాయ్ తెగవారిని బలవంతంగా వెళ్ళగొట్టారు. ఆ అన్యాయాన్ని గుర్తిస్తూ తెగ కోరిక మేరకు పేరు మార్చారు.

ఈ దారుల పుట్టుక వెనక ఒక తగాదా ఉంది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో బ్రైట్ ఏంజెల్ దారి రాల్ఫ్ కామెరాన్ అనే వ్యాపారి అదుపులో ఉండేది, నడిచేవారి దగ్గర అతను సుంకం వసూలు చేసేవాడు. ఆ బెడద వదిలించుకోవడానికి నేషనల్ పార్క్ సర్వీస్ 1924లో సౌత్ కైబాబ్ దారి పని మొదలుపెట్టి, రాయి తొలిచి, వెన్నుల మీదుగా కొత్త బాట వేసింది. అడుగున నది మీద 1928లో పూర్తయిన వేలాడే వంతెన తాళ్ళు ఒక్కొక్కటి టన్నుకు పైగా బరువు. వాటిని 42 మంది హవసుపాయ్ మనుషులు వరసగా భుజాన వేసుకుని ఈ దారినే కిందికి మోశారు. ఇవాళ ఆ వంతెన మీదుగా నది దాటే ప్రతి నడకరీ ఆ శ్రమ మీదుగానే అడుగు వేస్తున్నాడన్నది మరిచిపోకూడని సంగతి.

దిగేటప్పుడు సౌత్ కైబాబ్, ఎక్కేటప్పుడు బ్రైట్ ఏంజెల్ అన్నది చాలాకాలంగా స్థిరపడిన ఏర్పాటు. నీళ్ళు లేని నిటారు దారిని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు దిగేసి, నీళ్ళు, నీడ ఉన్న దారిని ఎక్కడానికి అట్టిపెట్టుకోవడం ఇందులో కిటుకు. రెండూ కలిపి 26 కిలోమీటర్లు దాటుతుంది. ఇదంతా ఒక్కరోజులో ముగించే ప్రయత్నం చేయవద్దని, ముఖ్యంగా మే నుంచి సెప్టెంబరు దాకా అసలు వద్దని పార్కు హెచ్చరిస్తుంది. అడుగున ఒక రాత్రి గడపడమే వివేకం. దానికి ముందుగా పర్మిట్ తీసుకోవాలి. లేదంటే 1922లో కట్టిన ఫాంటమ్ రాంచ్ బసలో చోటు దొరకాలి. రెండింటికీ పోటీ విపరీతం కాబట్టి నెలల ముందే ప్రయత్నించాలి.

దారి ఎక్కడ నిటారుగా ఉంటుందో, ఎక్కడ చదునవుతుందో చెప్పేది రాయి. గండి గోడలు మెట్లుమెట్లుగా కనిపించడానికి కారణం పొరల గట్టిదనంలో తేడా. సున్నపురాయి, ఇసుకరాయి ఎడారి వాతావరణంలో నిటారు గోడలుగా నిలబడతాయి. బంకమన్ను గట్టిపడి ఏర్పడిన షేల్ తొందరగా అరిగి ఏటవాలుగా జారుతుంది. సౌత్ కైబాబ్ మొదట్లోనే సుమారు 27 కోట్ల ఏళ్ళ నాటి కైబాబ్ సున్నపురాయిలోంచి ఇరుకైన మెలికలు తిరుగుతూ దిగుతుంది. దాని కింద లేత రంగు కొకొనినో ఇసుకరాయి. అది ఒకప్పటి ఎడారి ఇసుక దిబ్బలు రాయిగా మారినది, దిబ్బల వాలుగీతలు ఈనాటికీ గోడలో కనిపిస్తాయి. 2.4 కిలోమీటర్ల దగ్గర సీడర్ రిడ్జ్ అనే చదును తగులుతుంది, ఎర్రటి హెర్మిట్ పొర మెత్తగా అరిగిపోవడం వల్ల ఏర్పడిన చోటు అది. 4.8 కిలోమీటర్ల దగ్గరున్న స్కెలెటన్ పాయింట్ నుంచి దారి రెడ్‌వాల్ సున్నపురాయిలోకి దూకుతుంది. 34 కోట్ల ఏళ్ళ ఈ పొర 150 నుంచి 240 మీటర్ల మందం ఉన్న నిలువు గోడ. గండి పొడవుతో పోలిస్తే దీన్ని దాటే చోట్లు తక్కువే. కాబట్టి కొత్తదారి వేయాలన్నా, దారి తప్పినవాడు అడ్డదారి వెతకాలన్నా అడ్డుపడేది రెడ్‌వాలే. పైనుంచి దగ్గరగా కనిపించే వాగుకు దారి వదిలి దిగబోయి ఈ గోడ అంచున చిక్కుకుపోయినవారున్నారు. కిందికి జారడం కుదిరిన చోట తిరిగి పైకి పాకడం చాలాసార్లు కుదరదు.

రెడ్‌వాల్ కింద టోంటో అనే విశాలమైన మెట్ట, దాని అంచున నది లోపలి గండి. అక్కడి నల్లటి రాయి పేరు విష్ణు షిస్ట్, వయసు 170 కోట్ల ఏళ్ళకు పైన. 19వ శతాబ్దిలో క్లారెన్స్ డటన్ అనే భూవిజ్ఞాని ఇక్కడి శిఖరాలకు విష్ణు టెంపుల్, శివ టెంపుల్ లాంటి పేర్లు పెట్టాడు. ఆ నల్లరాతికి, దాని మీద కూర్చున్న 50 కోట్ల ఏళ్ళ ఇసుకరాతికి మధ్య వంద కోట్ల ఏళ్ళకు పైబడిన చరిత్ర చాలాచోట్ల కొట్టుకుపోయింది. నడిచేవాడికి సంబంధించినంత వరకు ఆ నల్లటి గోడలకు ఇంకో గుణం ఉంది. పగలంతా ఎండను మింగి, పొద్దుగూకాక కూడా వేడిని కక్కుతూ ఉంటాయి.

బ్రైట్ ఏంజెల్ దారి ఉండడానికి కారణం ఒక భూభ్రంశం. పొరలు విరిగి పైకీ కిందికీ జరగడంతో గోడల్లో చీలిక ఏర్పడి, దానిలో రాళ్ళు కూలి, ఎక్కడానికి వీలైన వాలు తయారైంది. ఆ చీలికే ఊటకూ దారి ఇచ్చింది. ఇక్కడే ఎక్కుడు లెక్కను దగ్గరగా చూడాలి. క్యాంపు నుంచి హవసుపాయ్ గార్డెన్స్ దాకా 8 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 400 మీటర్లు. అక్కడి నుంచి అంచు దాకా 7.2 కిలోమీటర్లు, ఎత్తు 930 మీటర్లు. అంటే మొత్తం ఎక్కుడులో 70 శాతం రెండో సగంలోనే ఉంది. రెడ్‌వాల్ మెలికలు, వాటి మీద సుపాయ్ పొర మెట్లు, ఆఖరున కొకొనినో, కైబాబ్ గోడలు అన్నీ అలిసిన కాళ్ళకోసమే ఎదురుచూస్తుంటాయి. దానికి తోడు అంచు దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే ఐదో వంతుకు పైగా తక్కువ. పైకి వెళ్ళేకొద్దీ ఊపిరి మరింత ఆడదు.

కాలం లెక్కకు పనికొచ్చే పాత సూత్రం ఒకటుంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పినది. చదును మీద 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఇంకో గంట. ఆ ప్రకారం బ్రైట్ ఏంజెల్ ఎక్కుడుకు మూడు గంటలు దూరానికి, రెండుంపావు గంటలు ఎత్తుకు, మొత్తం అయిదుంపావు గంటలు పడుతుంది. ఆ సూత్రం చల్లటి దేశంలో, దిట్టమైన మనిషికి వేసింది. ఎడారిలో, బరువు మోస్తూ, విశ్రాంతులు కలుపుకుంటే మామూలు నడకరికి ఏడెనిమిది గంటలు పడుతుంది. దిగడానికి ఎంత పట్టిందో ఎక్కడానికి దానికి రెట్టింపు అనుకోవాలన్నది పార్కువారి మాట, అదే నమ్మదగినది.

తరువాత వేడి. గాలి కిందికి దిగేకొద్దీ ఒత్తిడి పెరిగి వేడెక్కుతుంది. పొడిగాలి అయితే కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీలు. జూలైలో దక్షిణపు అంచున పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 29 డిగ్రీలుంటే, అదే రోజుల్లో ఫాంటమ్ రాంచ్ దగ్గర 41 డిగ్రీలు. ఇది నీడలో కొలిచిన మాట. ఎండలో, రాతిగోడల మధ్య ఒంటికి తగిలే వేడి ఇంకా ఎక్కువ. పైన చొక్కా మీద చొక్కా వేసుకుని పొద్దున బయలుదేరినవాడికి కింద ఎలా ఉంటుందో ఊహకు కూడా అందదు, చాలామంది పొరపడేది ఇక్కడే. గుంటూరు, పల్నాడు ఎండల్లో పెరిగినవాళ్ళకు 41 డిగ్రీలు కొత్త కాదు. ఆ నమ్మకం మీద ఆధారపడకూడదు. ఒళ్ళు ఎండకు అలవాటు పడడానికి పది పద్నాలుగు రోజులు ఎండలో శ్రమ చేయాలి. అప్పుడు రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఎండకు దూరంగా ఏసీ గదుల్లో కొన్ని వారాలు గడిపితే ఆ అలవాటు చాలామటుకు పోతుంది. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఆఫీసు పని చేసుకునే తెలుగువాడి ఒళ్ళు చిన్ననాటి వేసవిని గుర్తుపెట్టుకోదు.

ఎక్కుడులో ఒంటికి పుట్టే వేడిని లెక్కకట్టవచ్చు. 70 కిలోల మనిషి 10 కిలోల సంచితో 1,335 మీటర్లు పైకి లేవాలంటే కావలసిన శక్తి సుమారు 250 కిలోకేలరీలు. కండరాలు తాము ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతు మాత్రమే పనిగా మారుస్తాయి. కాబట్టి అసలు ఖర్చు వెయ్యి కిలోకేలరీలు, అందులో 750 వేడిగా ఒంట్లోనే పుడుతుంది. ముందుకు నడిచే ఖర్చు ఇందులో కలపలేదు. గాలి వేడి చర్మం వేడిని, అంటే 35 డిగ్రీలను, దాటితే ఆ వేడిని బయటికి పంపే మార్గం చెమట ఒక్కటే. పైగా గాలి, రాయి, ఎండ మూడూ ఎదురు వేడిని ఒంట్లోకి ఎక్కిస్తాయి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. మట్టికుండ నీళ్ళు కోస్తా ఉక్కలో కన్నా పొడి వడగాలిలో ఎక్కువ చల్లబడేది కూడా ఈ ఆవిరి వల్లే. ఎడారిలో చెమట ఎంత త్వరగా ఆవిరవుతుందంటే చొక్కా తడవదు, నుదుటి మీద చుక్క నిలవదు. చెమట పట్టడం లేదనుకుంటూనే మనిషి గంటకు లీటరు పోగొట్టుకుంటాడు. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే అదే సాక్ష్యం.

అందుకని నీళ్ళ బరువు చూసి భయపడి తగ్గించుకోకూడదు. చల్లటి రోజుల్లో గంటకు అరలీటరు, ఎండ రోజుల్లో లీటరు దాకా అనుకుని, నీళ్ళు దొరికే చోట్ల మధ్య ఎన్ని గంటలు పడుతుందో దానితో గుణించుకోవాలి. సౌత్ కైబాబ్ మీద అయిదు గంటలకు సరిపడా నీళ్ళు మొదట్లోనే సంచిలో ఉండాలి. బ్రైట్ ఏంజెల్ మీద కుళాయిలు ఉన్నా కొన్ని చలికాలంలో ఆపేస్తారు. ఉత్తరపు అంచు కింది ఊట నుంచి నీళ్ళు తెచ్చే పైపులైను 1960లలో వేయడం మొదలుపెట్టిన పాతది, తరచూ పగులుతుంది. బయలుదేరేముందు రోజు ఏ కుళాయి పనిచేస్తోందో పార్కువారిని అడిగి తెలుసుకోవాలి. వాగు నీళ్ళు శుద్ధిచేసుకోవడానికి వడపోతో, మాత్రలో దగ్గర ఉండాలి.

నీళ్ళు మాత్రమే తాగితే ఇంకో ప్రమాదం. లీటరు చెమటతో సుమారు ఒక గ్రాము సోడియం, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు పోతుంది, మనిషిని బట్టి ఇది బాగా మారుతుంది. పోయిన ఉప్పు పూరించకుండా దాహానికి మించి నీళ్ళు తాగుతూపోతే రక్తంలో సోడియం పలచబడి లీటరుకు 135 మిల్లీమోల్స్ కన్నా కిందికి పడిపోతుంది. దీన్ని హైపోనేట్రీమియా అంటారు. తలనొప్పి, వికారం, తికమక, ముదిరితే మూర్ఛ. ఈ లక్షణాలు చూడటానికి వడదెబ్బ లాగే ఉంటాయి కనుక పక్కవాళ్ళు జాలిపడి ఇంకా నీళ్ళు పట్టిస్తారు, అది మరింత చేటు. చాలాసేపటి నుంచి ఏమీ తినకుండా నీళ్ళే తాగుతూ, నీళ్ళలాంటి మూత్రం ఎక్కువగా పోస్తున్న మనిషికి వికారం మొదలైతే ముందు దీన్నే అనుమానించాలి. మందు కన్నా ముందుజాగ్రత్త తేలిక. అరగంటకోసారి ఉప్పగా ఏదైనా తినడం, నీళ్ళతోపాటు ఓఆర్‌ఎస్ కలుపుకోవడం. ఎండలో పనికి పోయేవాళ్ళకు ఉప్పు వేసిన మజ్జిగ పట్టే ఇళ్ళలో పెరిగినవారికి ఈ సూత్రం చెప్పనక్కరలేదు. ఎండలో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి నోటికి ఇష్టమైన తిండే తీసుకెళ్ళాలి. కారప్పూస, వేయించిన పల్లీలు, ఊరగాయ రొట్టె ఎనర్జీ బార్ల కన్నా ఏమాత్రం తీసిపోవు.

కాళ్ళను దెబ్బతీసేది దిగుడే. కిందికి అడుగు వేసినప్పుడల్లా తొడ ముందు కండరం సాగుతూనే బిగుసుకోవాలి. ఇలాంటి పనిలో కండర పోగులకు సూక్ష్మంగా గాయాలవుతాయి. దిగుతున్నప్పుడు నొప్పి తెలియదు, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. 1,450 మీటర్లు దిగిన మర్నాడు 1,335 మీటర్లు ఎక్కాల్సినవాడికి ఇది చిన్న విషయం కాదు. దీనికి విరుగుడు సాధనే, అదీ దిగే సాధన. నెలన్నర ముందు నుంచి వారానికి ఒకటి రెండు సార్లు మెట్లు ఎక్కడంతో సమానంగా దిగితే కండరం తట్టుకోవడం నేర్చుకుంటుంది. ఒక్కసారి గట్టిగా దిగినా ఆ రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. లిఫ్టు ఎక్కి మెట్లు దిగడం వింతగా కనిపించినా ఈ నడకకు అదే సరైన సన్నాహం. రెండు చేతికర్రలు మోకాళ్ళ భారం తగ్గిస్తాయి. బూట్లు వేళ్ళ ముందు కాస్త ఖాళీ ఉండేవి కావాలి, లేదంటే దిగుడులో గోళ్ళు ముందుకు కొట్టుకుని నల్లబడతాయి.

ఏ నెలలో వెళ్ళాలన్నది ఒక్క వేడిని బట్టే తేలదు. మార్చి, ఏప్రిల్, అక్టోబరు నెలలు అన్నింటికన్నా అనుకూలం. చలికాలంలో దారి మొదటి కిలోమీటరు మంచుగడ్డ కట్టి ఉంటుంది, బూట్లకు తగిలించుకునే ముళ్ళ పట్టీలు లేకుండా దిగకూడదు. జూలై నుంచి సెప్టెంబరు మధ్యదాకా అరిజోనాకూ రుతుపవనాలున్నాయి. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి పిడుగులు పడతాయి. సీడర్ రిడ్జ్ లాంటి బోడి వెన్ను మీద నిలబడ్డ మనిషే అక్కడ ఎత్తైన వస్తువు. ఉరుము వినిపించిందంటే వెన్ను దిగిపోవడం తప్ప వేరే పని ఉండకూడదు. లోయల్లో ప్రమాదం వరద. 1997 ఆగస్టు 12న అరిజోనాలోనే ఉన్న ఆంటెలోప్ కాన్యన్ ఇరుకు సందులో వరద వచ్చి 11 మంది చనిపోయారు. ఎగువన మైళ్ళ దూరంలో కురిసిన వాన అది. రాతి నేల నీరు ఇంకించుకోదు, అంతా ఒక్కసారిగా సందులోకి దూకుతుంది. ఎడారిలో తలమీది ఆకాశం కన్నా ఎగువ ఆకాశాన్నే చూడాలి.

వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లోపలి దారుల మీద నడక ఆపేయాలని పార్కు చెబుతుంది. ఈ ఒక్క నియమాన్ని వెనక్కి పరిస్తే మొత్తం ప్రణాళిక తయారవుతుంది. పదిలోగా హవసుపాయ్ గార్డెన్స్ నీడకు చేరాలంటే క్యాంపు నుంచి తెల్లవారుజామున అయిదుకు ముందే కదలాలి. నీడలో మధ్యాహ్నం గడిపి, నాలుగు దాటాక చొక్కా, టోపీ వాగులో ముంచి తడిపి వేసుకుని మిగతా 930 మీటర్లు ఎక్కాలి. వేసవిలో నూలు చొక్కా మేలు, తడిని పట్టుకుని ఒంటిని చల్లబరుస్తుంది. చలికాలంలో అదే గుణం ప్రాణానికి ముప్పు. అంచు చేరేసరికి చీకటి పడుతుంది కాబట్టి తలదీపం ఉండితీరాలి. దిగే రోజున సౌత్ కైబాబ్ మొదటికి సొంత కారు పోనివ్వరు, పొద్దున్నే నడిచే ఉచిత బస్సు పట్టుకోవాలి. కంచరగాడిదలు ఎదురైతే దారిలో కొండవైపు ఒదిగి నిలబడాలి.

నది దాకా వెళ్ళని రోజు నడకకు కూడా ఇదే లెక్క. తెచ్చుకున్న నీళ్ళలో మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరగాలి, మిగతా రెండు వంతులు ఎక్కుడుకు. వేసవిలో సీడర్ రిడ్జ్ చాలు, మంచి కాలంలో స్కెలెటన్ పాయింట్. నది కనిపిస్తుంది కదా, ఇంకాస్తేనని దిగితే ఆ కాస్త ఎనిమిది వందల మీటర్లకు పైబడిన లోతు. అడుగున చల్లగా పారే నదిలో మునగాలన్న కోరికా ప్రమాదమే. ఎగువనున్న గ్లెన్ కాన్యన్ డ్యాం జలాశయం లోతుల్లోంచి వదిలే ఆ నీరు ఒంటిని బిగదీస్తుంది, ప్రవాహం బలంగా లాగేస్తుంది.

ఏటా రెండు వందల యాభై మందికి పైగా నడకరులను రక్షక దళాలు ఈ గండిలోంచి బయటికి తేవాల్సి వస్తోంది. 1997 నుంచి పార్కు సిబ్బంది, వలంటీర్లు దారుల మీదే నిలబడి, ఎన్ని నీళ్ళున్నాయి, ఎక్కడిదాకా వెళ్తున్నారు అని అడిగి, అవసరమైతే వెనక్కి పంపే పని చేస్తున్నారు. వారితో వాదనకు దిగడం తెలివైన పని కాదు. మాట తడబడుతూ, నడక తూలుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటిందని అర్థం. సాయం కోసం ఎదురుచూడకుండా నీడకు చేర్చి, బట్టలు తడిపి, విసరాలి. పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్ళు పోయకూడదు. హెలికాప్టరు వస్తుందన్న ధీమా పెట్టుకోకూడదు. వేడిగాలి పలచగా ఉండడంతో రెక్కలకు ఎత్తే బలం తగ్గుతుంది, రాత్రి, గాలివాన ఉంటే ఎగరనే ఎగరదు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం దగ్గర ఉంటే మంచిది. అది ఉన్నా లేకున్నా ఏ దారిన దిగుతున్నదీ, ఏ రాత్రి ఎక్కడ పడుకునేదీ, ఏ వేళ దాటితే పార్కుకు ఫోన్ చేయాల్సిందీ కాగితం మీద రాసి, పైన ఉండిపోయే మనిషి చేతికి ఇచ్చి వెళ్ళాలి.